బ్రాందీకీ బండికీ నడుమ

దసరా వెళ్ళిన తర్వాత ఒక ఆదివారం పూట దొర మనుమడు మా ఇంటికి వచ్చాడు. కారు వాడకట్టు మొదట్లోనే ఆపి నడిచి వచ్చాడు. ఇంటిముందుకు కారు తోలుకొస్తే ముసలిదానికి కోపం వస్తుందని ఊళ్ళో ఎవరో చెప్పారట. నేను మంచం మీద కూచుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. చెప్పులు బయట విడిచి, కింద చాప మీద కూచుంటానన్నాడు. వద్దని కుర్చీ వేయించాను. చాప మీద కూచుంటే పాతదంతా తుడిచిపెట్టుకుపోతుందని అతను అనుకోవడం నాకు ఇష్టం లేదు.

"పెద్దమ్మా, పుస్తకం రాస్తున్నవంట" అన్నాడు.

"రాస్తున్న."

"మా తాత ముచ్చట గూడ అందుల ఉంటదా?"

"మీ తాత లేకుంటె నా పుస్తకంల సగం లేదు బిడ్డా."

తర్వాత మెల్లగా అసలు సంగతి చెప్పాడు. వాళ్ళ గడి, కోటలాంటి ఆ ఇల్లు, కూలిపోయింది. దర్వాజ మీద తాత పేరు చెక్కిన రాయి ఉండేది, దాన్ని ఎవరో ఎత్తుకుపోయారు. ఊళ్ళో ఎవరిని అడిగినా 'దొర' అంటారే తప్ప ఏ దొర అంటే చెప్పలేరు. పట్నంలో చుట్టాలు తలా ఒక దేశం పట్టిపోయారు. "చెడ్డగనే రాయి పెద్దమ్మా. తిట్టు. నేను అడ్డం రాను. గని పేరు రాయి. ఇంటిపేరుతోని పూర్తి పేరు. యాడనో ఒక్కకాడ అచ్చుల ఉండాలె గద" అన్నాడు. చెప్పి, ఆ పేరు నాకు గుర్తులేదేమో అన్నట్టు మొత్తం పలికి వినిపించాడు. నాకు గుర్తులేకపోవడమా! ఆలోచించి చెప్తానని పంపించాను. ఆలోచించేదేమీ లేదు. అయినా మా బాపు, నన్ను కన్న తండ్రి, ఆ దొర వాకిట్లో నిలబడ్డంత సేపు నిలబడకపోయినా, వాళ్ళ మనిషి మా ఇంటి మాట కోసం ఒక వారమన్నా ఎదురుచూడనీ అనుకున్నాను.

మా బాపు పేరు నర్సయ్య. దొర బండి తోలేవాడు. జీతానికి కాదు, వెట్టికి. మా తాత తోలాడు కాబట్టి మా బాపు తోలాలి, అంతే. అది ధాన్యం బండి కాదు, దొర ఎక్కి తిరిగే కచ్చరం. పైన గూడు, లోపల పరుపు, ఎడ్ల మెడలో గంటలు. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి బాపు ఇరుసుకు కందెన పెట్టేవాడు. ఆ వాసన ఆయన చేతులకు, రుమాలుకు, ఆయన కలిపి పెట్టిన జొన్నగటక ముద్దకు కూడా ఉండేది. నాకు బాపు అంటే ఇప్పటికీ ఆ వాసనే. పట్నం నుంచి దొరకు సీసాలు వచ్చేవి. బస్సులో నకిరేకల్ దాకా వస్తే అక్కడి నుంచి బాపు కచ్చరంలో తెచ్చేవాడు. వరిగడ్డి పరిచి, గుడ్లు పేర్చినట్టు పేర్చి, గుంత వచ్చినచోట కిందికి దిగి చక్రాన్ని చేత్తో పట్టుకుని దాటించేవాడు. ఒక్క సీసా పగిలితే ఆయన వీపు పగులుతుంది. అన్నేళ్ళు మోసినా అందులో ఉన్నదాని పేరేమిటో ఆయనకు తెలియదు. మా ఇంట్లో వాటిని 'దొర సీసలు' అనేవాళ్ళం.

మా ఇంట్లో కూడా ఒక సీసా ఉండేది. మా అవ్వ, అంటే బాపును కన్నతల్లి, చూరు కింద గుడ్డపేలిక చుట్టి దాచుకునేది. ఇప్పపువ్వు సారా. మోకాళ్ళు నొస్తే రాసుకునేది, వాన పడితే ఒక గుక్క మింగేది, మేకకు కడుపు ఉబ్బితే దాని నోట్లోనూ ఇంత పోసేది. అవ్వకు మేకలన్నా మనుషులన్నా ఒకటే, రెంటినీ ఒకే తిట్లు తిట్టేది. పొద్దున లేచి పొయ్యి ఊదుతూ తిట్టడం మొదలుపెడితే అంబలి కాగేదాకా ఆగేది కాదు. ఆ తిట్లు వినపడకపోతే మాకు తెల్లవారినట్టు ఉండేది కాదు. మా అమ్మ ముత్తమ్మ మాత్రం మాట తక్కువ మనిషి. గడిలో వాకిళ్ళు ఊడ్చి, పేడ ఎత్తి, వడ్లు దంచి వచ్చి ఇంట్లో మళ్ళీ అవే పనులు చేసేది. నెలలు నిండినా ఆమెకు పని తప్పలేదు. పొద్దున గడి వాకిలి ఊడ్చిన మనిషి మధ్యాహ్నానికి నా తమ్ముణ్ణి కన్నది.

ముసురు రోజులు. ఇల్లంతా తడి పిడకల పొగ, వావిలాకు పొగ. మంత్రసాని ఎల్లవ్వ బిడ్డను నా ఒళ్ళో పెట్టి అమ్మ దగ్గరికి పోయింది. నెత్తురు ఆగడం లేదు. అమ్మ కాళ్ళు చేతులు చల్లబడుతున్నాయి. ఎంత రుద్దినా వేడి రావడం లేదు. ఆ వేళకు దవాఖాన కంపౌండరు సైకిల్ మీద మా వాడకట్టు పక్క నుంచి పోతున్నాడు. దొరసానికి సూది వేసి తిరిగిపోతున్నాడు. అవ్వ ఉరికి పోయి సైకిల్ హ్యాండిలు పట్టుకుంది. మా ఇంట్లోకి రాలేదు ఆయన. వాకిట్లోనే నిలబడి మెడ చాచి చూశాడు.

"ఒంట్ల వేడి పోతాంది. రెండు చెంచాల బ్రాండీ వేన్నీళ్ళల్ల కలిపి పొయ్యుండ్రి" అన్నాడు.

అవ్వ చూరులో చెయ్యి పెట్టి తన సీసా తీసింది. "గిది పోస్తె గాదా అయ్యా?"

"ఛీ! గది నాటుది. గది మందు గాదు. బ్రాండీ అంటె మందు. మీ దొర దగ్గరుంటది, పోయి అడుక్కోండ్రి" అన్నాడు. సైకిల్ ఎక్కి పోయాడు.

అవ్వ సీసాను మళ్ళీ చూరులో పెట్టేసింది. చదువుకున్నవాడు కాదన్నాక ఇంకేమంటుంది?

బాపు నా చేతిలో బిడ్డను అవ్వకిచ్చి, నాకొక ఇత్తడి గిన్నె ఇచ్చి, రమ్మన్నాడు. ఇద్దరం బురదలో పడి నడిచాము. బాపు ఆ మాట మరిచిపోతానేమోనని దారిపొడుగునా అంటూనే ఉన్నాడు. "బరాండి, బరాండి, బరాండి." వాగు ఒడ్డున బర్లు కాసే మల్లయ్య ఎదురొచ్చాడు. ఏమీ తెలియనివాడు, నవ్వుకుంటూ పలకరించాడు. "ఏందే నర్సన్నా, ఇయ్యాల బండి కట్టలేదా? నడిసి పోతున్నవ్!"

"లేదే మల్లన్నా, బండి కట్టలే" అన్నాడు బాపు, ఆగకుండానే.

అక్కడ పడింది తప్పు. ఆ తర్వాత బాపు నోట్లో మాట బండి అయిపోయింది. "బండి, బండి" అనుకుంటూనే మిగతా దారి నడిచాడు. పుట్టినప్పటి నుంచి నోట్లో నానిన మాట, పొద్దుటిదాకా విననైనా వినని కొత్త మాటను మింగేసింది. నాకూ తెలియలేదు. నేనూ గిన్నె పట్టుకుని వెంట నడుస్తూ బండి అనే విన్నాను.

గడి అరుగు మీద దొర, పోలీసు అమీను కూచుని ఉన్నారు. వేయించిన మాంసం వాసన, హుక్కా వాసన, వాటితో పాటు ముక్కులోకి గుచ్చుకునే తియ్యటి వాసన ఒకటి. దొర పక్కన బల్ల మీద సీసా ఉంది. బాపు తెచ్చిన సీసానే. మేము వాకిట్లో వానలో నిలబడ్డాము. చాలాసేపటికి దొర ఇటు చూశాడు.

"ఏందిరా?"

"బాంచెన్ దొరా, మా ఆడిది కాన్పయింది. ఒళ్ళు సల్లవడ్డది. కంపౌండరు సారు జర బండి తాపుమన్నడు. రెండు చెంచలు."

దొర మొదట అర్థం కానట్టు చూశాడు. తర్వాత అర్థమైంది. అర్థమైందని నేను ప్రమాణం చేసి చెప్తాను, ఎందుకంటే ఆయన కళ్ళు ముందు సీసా మీదికి పోయాయి. ఆ తర్వాతనే నవ్వాడు.

"ఏం తాపుమన్నడు?"

"బండి, దొరా."

"ఇన్నరా అమీన్ సాబ్? వీని పెండ్లం బండి తాగుతదట! ఎట్ల తాగుతదిరా, ఎడ్లతోనా, ఎడ్లు లేకుంటనా?"

అమీను పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వు దొరికితే దొరకు ఆగదు. "చెంచల బండి పట్టదు గదరా! అగో, కొట్టంల కచ్చరం ఉన్నది, గుంజుకొని పో. ఎడ్లు నాయి, బండి వరకే నీది. కాడి ఎత్తు!"

బాపు అది ఆట అని తెలియక, దొర చెప్పినట్టు చేస్తే ఇస్తాడనుకున్నాడు. కాడి భుజాన ఎత్తుకున్నాడు. కచ్చరాన్ని కొట్టంలోంచి వాకిట్లోకి గుంజాడు. దొర "ఆగు, ఆగు, పేరు సక్కగ చెప్పు, ఇస్త" అన్నాడు. "బ్రాం-డీ. అను." బాపు "బరండి" అన్నాడు. "తప్పు. ఒక సుట్టు తిరుగు." వాకిలి చుట్టూ తిరిగి వచ్చి "బాండి" అన్నాడు. "అగో, ఇప్పుడు గిన్నెలు తోముతడట! తిరుగు." బురదలో చక్రాలు దిగబడుతున్నాయి. బాపు కాళ్ళు జారుతున్నాయి. ఎడ్ల మెడల్లోంచి తీసిన గంటలు కాడికి కట్టి ఉన్నాయి, ఆయన అడుగు వేసినప్పుడల్లా మోగుతున్నాయి. ప్రతిసారి అరుగు ముందుకు వచ్చి ఆ మాట అంటున్నాడు. ప్రతిసారి ఇంకొంచెం చెడుతున్నది. చివరికి మాట కూడా రాలేదు, నోరు మాత్రం కదిలింది. దొరకు విసుగొచ్చింది. సీసాలో మిగిలింది అమీను గిలాసులో వంచి, "అయిపోయిందిరా, పో" అన్నాడు.

నా గిన్నెలో వాననీళ్ళు నిండాయి. వాటిని పారబోసి ఇంటికి వచ్చాము. దీపాలు పెట్టే వేళకు అమ్మ పోయింది.

తమ్ముడు బతికాడు. అవ్వ మేకపాలు దూదితో పిండి పిండి బతికించింది. బాపుకు మాత్రం ఆ రోజు నుంచి పేరు పోయింది. గడిలో ఆయన 'బండోడు' అయ్యాడు. అమీను ఎప్పుడు వచ్చినా "ఏంరా, బండి తాగినవా?" అని అడిగి నవ్వేవాడు. చుట్టాల పిల్లలు కూడా నన్ను బండోని బిడ్డ అన్నారు. ఆ నవ్వుకు కారణం ఏమిటో తెలిసినవాళ్ళూ నవ్వారు, తెలియనివాళ్ళూ నవ్వారు. బాపు మళ్ళీ అదే కచ్చరం తోలాడు, అదే నకిరేకల్ నుంచి అవే సీసాలు గడ్డిలో పేర్చి తెచ్చాడు. ఒక్కటి పగలలేదు. ఎందుకు పగలగొట్టలేదని చిన్నతనంలో ఆయన మీద నాకు చాలా కోపం ఉండేది.

తర్వాత కొన్నేళ్ళకు దొరల మీద తిరగబడే సంఘం వచ్చింది. ఊళ్ళు లేచాయి. దొర ముందే వాసన పట్టి పెట్టెలు సర్దుకుని పట్నం పారిపోయాడు. జనం గడిలో పడ్డారు. అందరూ వడ్ల కొట్టు మీదికి పోయారు. బాపు ఒక్కడు నేరుగా మేడెక్కి చంకలో సీసాలు పెట్టుకుని దిగి వచ్చాడు. కొట్టంలోకి పోయి ఒక్కొక్కటి మూతి పగలగొట్టి కచ్చరం మీద పోయడం మొదలుపెట్టాడు. పరుపు మీద, కాడి మీద, చక్రాల మీద. అవ్వ వచ్చి చూసింది.

"ఏం జేస్తున్నవ్‌రా కొడకా?"

"బండికి బండి తాపుతున్ననే అవ్వా" అన్నాడు. ఆయన నోటికి అప్పటికీ అదే మాట.

అగ్గిపుల్ల గీసి వేశాడు. సన్నటి నీలిమంట లేచి, కట్టె మీద పాకి, పోయింది. కచ్చరం కాలలేదు. రంగు కూడా మారలేదు. మళ్ళీ పోశాడు, మళ్ళీ గీశాడు. అంతే. అవ్వ మూతి తిప్పింది. "నా ఇప్పసార నయం, సుక్క పడితె బగ్గుమంటది. గీ సల్లటి దానికోసమా నా కోడల్ని సంపిండ్రు?" అంది. అప్పుడు బాపు గొడ్డలి అందుకున్నాడు. కచ్చరం ముక్కలై పొయ్యిలోకి వచ్చింది. ఆ చలికాలం మా వాడకట్టంతా దానితోనే నీళ్ళు కాగబెట్టుకున్నది. నా జన్మలో అంత హాయిగా మళ్ళీ స్నానం చేయలేదు.

హాయి ఎన్నాళ్ళో నిలవలేదు. పట్నంలో నవాబు రాజ్యం పోయింది. మిలిట్రీ వెంట దొర తిరిగి వచ్చాడు, నెత్తిన తెల్లటోపీ పెట్టుకుని. బాపును కచ్చరం ఏదని అడిగి కొట్టించాడు. ఆయన కుడిభుజం మళ్ళీ పైకి లేవలేదు. దొర మోటారు కొనుక్కున్నాడు. భూములు అమ్ముకున్నాడు. ఓట్లలో నిలబడ్డాడు. ముసలివాడై, మెత్తటి మంచం మీద, చుట్టూ మనుషులు వేడినీళ్ళ సంచులు పెడుతుంటే పోయాడు. నన్ను ఎవరన్నా జీవితంలో దేనికి బాధపడ్డావని అడిగితే, ఆ మంచం సంగతి చెప్తాను.

నాకు యాభై దాటాక అక్షరాలు వచ్చాయి. పంచాయతీ ఆఫీసు అరుగు మీద పెద్దవాళ్ళకు చదువు చెప్పేవాళ్ళు. ఒత్తులు నేర్చుకున్న రోజు పంతులమ్మ "ఎవరికి ఇష్టమైన మాట వాళ్ళు రాయండి" అంది. అందరూ రామ, శ్రీ, పత్రం అని రాశారు. నేను బ్రాందీ అని రాశాను. పంతులమ్మ నవ్వి, "అవ్వా, అలవాటుందా?" అంది. ఉంది, ఆ మాటను రోజూ నమిలే అలవాటు అన్నాను.

ఆ మాట ఎక్కడిదో తెలుసుకోవాలని అప్పుడు పుట్టింది నాకు. నల్గొండలో మిషన్ బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన దావీదు సారు దగ్గరికి బస్సెక్కి పోయాను. ఆయన లావుపాటి నిఘంటువు తీసి, అద్దాలు తుడుచుకుని, చూసి చెప్పాడు. అది ఇంగ్లీషు మాట కూడా కాదట. హాలెండు దేశపు డచ్చివాళ్ళ మాట. వాళ్ళు బ్రాందెవెయిన్ అనేవాళ్ళట. బ్రాందె అంటే కాల్చింది, వెయిన్ అంటే ద్రాక్షసారా. ద్రాక్షసారాను నిప్పు మీద పెట్టి, ఆవిరి పట్టి, చుక్కలు చుక్కలుగా దించింది.

"అంటె కాసిన సార అన్నట్టేనా సారూ?" అన్నాను.

"అంతేనమ్మా. కాచిన సారా."

"మా అవ్వ ఇప్పసార గూడ కాసిందే గద."

"అదీ బ్రాందీకి చెల్లెలే, పువ్వు వేరు అంతే."

చూరు కింద సీసా నా కళ్ళముందుకు వచ్చింది. ఇంట్లో వస్తువు ఉంది, దానికి డచ్చివాళ్ళ పేరు లేదు. అందుకని నా తండ్రి వానలో కాడి ఎత్తాడు. ఆ కంపౌండరును కూడా నేను వదలను. వాడి సైకిల్ ఏ గుంతలో పడిందో తెలిస్తే ఆ గుంతకు దండం పెడతాను.

సారు ఇంకో సంగతి చెప్పాడు, అది అసలు సంగతి. ఇంగ్లీషువాళ్ళకు కూడా మొదట ఆ మాట నోరు తిరగలేదట. విన్నది విన్నట్టు పలకలేక బ్రాందీవైన్ అన్నారట, తర్వాత అదీ బరువై తోక తెంపి బ్రాందీ అన్నారట. అంటే బ్రాందీ అనేదే ఒక తప్పు పలుకుడు. వాళ్ళు తప్పు పలికితే అది నిఘంటువులోకి ఎక్కింది. మా బాపు తప్పు పలికితే కాడి భుజానికి ఎక్కింది. "ఆ ఇంగ్లీషోళ్ళను డచ్చిదొర ఎవడన్న బండికి కట్టిండా సారూ?" అని అడిగాను. సారు నిఘంటువు మూసి అల్మారాలో పెట్టేశాడు. బస్సులో ఇంటిదాకా నేను ఏడ్చాను. దుఃఖం కాదు అది, మంట.

నా మనుమరాలు దవాఖానలో నర్సు. ఆమె అంటుంది: "నాయినమ్మా, నెత్తురు పోయేటప్పుడు బ్రాందీ పోస్తె బతకదే. ఇంకింత జల్ది సచ్చిపోతది." కావచ్చు. చదువుకున్న పిల్ల, అబద్ధం చెప్పదు. కాని ఆ సంగతి దొరకు తెలియదు కదా. అది మందే అని ఆయన నమ్మాడు. ఆయన ఇంట్లో ఆడవాళ్ళకు ప్రతి కాన్పుకూ అదే పోశారు. బతుకుతుంది అనుకుని కూడా ఇవ్వలేదు, నవ్వు కోసం. నా పగ మందు మీద కాదు, ఆ నవ్వు మీద.

ఇప్పుడు మా ఊళ్ళో రెండు దుకాణాల్లో బ్రాందీ దొరుకుతుంది. నడక సరిగ్గా రాని పిల్లలు కూడా ఆ మాట అచ్చంగా పలుకుతారు. ఒకప్పుడు మా ఒంటికి అందకుండా దాచిన దాన్ని ఇప్పుడు మా ఒంట్లో పోసి కొంపలు తీస్తున్నారు. దాచినా చంపుతుంది, పోసినా చంపుతుంది, మనవైపు వచ్చేసరికి దాని గుణం అదేమో. ఎవరన్నా తాగి నా వాకిట్లో పడితే మాత్రం నేను తిట్టను. ఇన్ని నీళ్ళు పోసి లేపుతాను.

వారం తర్వాత దొర మనుమడు మళ్ళీ వచ్చాడు. ఈసారి కుర్చీలోనే కూచున్నాడు. పైదంతా అతనికి చెప్పాను, ఒక్క మాట మింగకుండా. తల దించుకుని విన్నాడు. విన్నాక, "తాత తరఫున నేను మాఫీ అడుగుతున్న పెద్దమ్మా" అన్నాడు.

"సచ్చింది నేను గాదు బిడ్డా, మాఫీ ఇయ్యనీకి."

"మరి పేరు?"

"రాయను."

"తిట్టమనే గద అంటున్న! పేరు పెట్టి తిట్టు."

"పేరు పెట్టి తిడితె పేరు మిగుల్తది. నా పుస్తకంల దొర దొరుకుతడు. ఆయన పేరు దొరకదు."

లేచి నిలబడ్డాడు. కోపం వస్తుందేమో అనుకున్నాను, రాలేదు. గొంతు బాగా తగ్గించి అన్నాడు. "నా తర్వాత ఆయన పేరు తెలిసినోడు ఎవ్వడు లేడు పెద్దమ్మా."

"ఎరికే బిడ్డా" అన్నాను. "అందుకే."